ఎలీసా ప్లేటుకు వైరస్ ఎలా అంటుకుంటుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎలీసా అంటే ప్లాస్టిక్ ప్లేటుకు అంటించిన వైరస్‌నో ప్రోటీన్‌నో యాంటీబాడీతో పట్టి, ఎంజైమ్ తెప్పించే రంగుతో గుర్తించే పరీక్ష. అది చేసేవాళ్ళు యాంటీబాడీ గురించి, ఎంజైమ్ గురించి, చివర్లో వచ్చే రంగు గురించి చాలా ఆలోచిస్తారు. వైరస్‌ను వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంటలో) పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టే మొదటి దశను, అంటే కోటింగ్‌ను, మాత్రం ప్రోటోకాల్‌లో ఒక లైనుగా చదివి దాటేస్తారు. పరీక్ష సరిగ్గా రానప్పుడు వెతకాల్సిన కారణాలు చాలావరకు అక్కడే ఉంటాయి. పోసిన వైరస్ అంతా ప్లాస్టిక్ మీదికి చేరదు. చేరిన వైరస్ కూడా పోసినప్పటి రూపంలోనే ఉంటుందన్న హామీ లేదు. కింది జవాబుల్లో చాలావరకు ఈ రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి.

జిగురు ఏమీ వేయకుండా వైరస్ ప్లాస్టిక్‌కు ఎందుకు అంటుకుంటుంది?

ఎలీసా ప్లేట్లను ఎక్కువగా పాలీస్టైరీన్‌తో చేస్తారు. ఆ ప్లాస్టిక్ గొలుసు పొడవునా బెంజీన్ వలయాలు వేలాడుతుంటాయి. వాటికి నీళ్ళతో పొత్తు కుదరదు. అందువల్ల ప్లాస్టిక్‌ను తాకుతున్న నీటి అణువులు స్వేచ్ఛగా కదలలేక ఒక క్రమంలో ఇరుక్కుని ఉంటాయి. వైరస్ పైనున్న ప్రోటీన్లలో కూడా లూసిన్, ఫినైల్ అలనిన్ వంటి, నీటిని దూరంగా ఉంచే అమైనో ఆమ్లాలు అక్కడక్కడా గుంపులుగా ఉంటాయి. ఈ రెండూ దగ్గరికి రాగానే మధ్యలో ఇరుక్కున్న నీటి అణువులు విడుదలై బయటికి పోతాయి. అలా నీటికి దక్కిన స్వేచ్ఛే ఈ అతుకుకు అసలు బలం. నీళ్ళలో వేసిన నూనె బొట్లు ఒకదాన్నొకటి వెతుక్కుని కలిసిపోవడం వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

దీనికి తోడు చాలా దగ్గర దూరంలో పనిచేసే వాండర్‌వాల్స్ ఆకర్షణ, విద్యుదావేశాల ఆకర్షణ వికర్షణలు, హైడ్రోజన్ బంధాలు కూడా ఉంటాయి. ఒక్కో బంధం బలహీనమైనదే. అయితే వైరస్ పెద్ద కణం కాబట్టి ఒకేసారి ఎన్నో చోట్ల ఆనుకుంటుంది. ఊడిపోవాలంటే అన్ని చోట్లా ఒకే క్షణంలో వదలాలి, అది దాదాపుగా జరగదు. అందుకే సిద్ధాంతంలో వెనక్కి మళ్ళగల ఈ అధిశోషణం (ఉపరితలానికి అంటుకోవడం) ఆచరణలో శాశ్వతంలా కనిపిస్తుంది.

ఈ పద్ధతి ఎప్పటి నుంచి ఉంది?

పాలీస్టైరీన్ ట్యూబు గోడకు యాంటీబాడీని ఊరికే అంటించి రేడియో ఇమ్యునోఅస్సే (రేడియోధార్మికతతో కొలిచే యాంటీబాడీ పరీక్ష) చేయవచ్చని క్యాట్, ట్రెగియర్ 1967లో చూపించారు. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎంగ్వాల్, పెర్ల్‌మన్, నెదర్లాండ్స్‌లో వాన్ వీమెన్, స్కూర్స్ విడివిడిగా రేడియోధార్మికత స్థానంలో ఎంజైమ్‌ను వాడి చూపించారు. చిన్న చిన్న గుంటల ప్లేటు అంతకంటే పాతది. హంగరీకి చెందిన టకాచీ దాన్ని 1950ల మొదట్లో ఇన్‌ఫ్లుయెంజా పరీక్షల కోసమే తయారుచేసుకున్నారు. అంటే ఈ ప్లేటు పుట్టిందే వైరస్‌ల కోసం. మొక్కల వైరస్‌లకు క్లార్క్, ఆడమ్స్ 1977లో ఇచ్చిన, వైరస్‌ను రెండు యాంటీబాడీల మధ్య పట్టే శాండ్‌విచ్ పద్ధతిని నేటికీ వాడుతున్నారు.

‘హై బైండింగ్’, ‘మీడియం బైండింగ్’ అని ప్లేట్లు దొరుకుతున్నాయి. వైరస్‌కు ఏది మంచిది?

సాదా పాలీస్టైరీన్‌కు నీరంటే పడదు. దాన్ని గామా కిరణాలతోనో ప్లాస్మాతోనో (విద్యుదావేశంతో నిండిన వాయువుతోనో) శుద్ధి చేస్తే ఉపరితలం మీద కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ వంటి గుంపులు ఏర్పడతాయి. అప్పుడు నీరంటే పడని చోట్లు, నీటితో కలిసే చోట్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రకరకాల ప్రోటీన్లు పట్టుకోగలుగుతాయి. హై బైండింగ్ ప్లేట్లు అంటే ఇవే. వీటి మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 400 నుంచి 600 నానోగ్రాముల ఐజీజీ అనే యాంటీబాడీ పడుతుంది. సాదాగా ఉండే మీడియం రకంలో 100 నుంచి 200 నానోగ్రాములు పడుతుంది.

ఈ అంకెలు చూసి చాలామంది పొరబడతారు. కంపెనీలు ఇచ్చే సామర్థ్యం ఐజీజీ యాంటీబాడీతో కొలిచినది, దాన్ని వైరస్‌కు ఉన్నదున్నట్టు వర్తింపజేయలేం. పైన చక్కెర గొలుసులు దట్టంగా ఉన్న గ్లైకోప్రోటీన్లు నీటితో కలిసే స్వభావం కలవి, వాటికి హై బైండింగ్ బాగా పనికొస్తుంది. కొవ్వు ఎక్కువగా ఉన్న కణాలు సాదా రకానికీ బాగానే అంటుకోవచ్చు. రెండు మూడు రకాల ప్లేట్లు తెప్పించి, ఒకే రోజు, ఒకే వైరస్ బ్యాచ్‌తో పోల్చి చూడటం కంటే నమ్మదగిన దారి నాకు కనిపించలేదు. ఒకసారి ఎంచుకున్నాక ప్లేటు రకాన్ని మధ్యలో మార్చవద్దు. లాట్ నంబరు కూడా రాసిపెట్టుకోండి.

సెల్ కల్చర్ ప్లేటు ఖాళీగా ఉంది. అదే వాడొచ్చా?

వద్దు. దాని ఉపరితలాన్ని సెల్స్ అంటుకుని పెరగడానికి తయారుచేశారు. ప్రోటీన్‌ను అన్ని వెల్స్‌లోనూ ఒకే మోతాదులో పట్టుకుంటుందని దానికి ఎవరూ పరీక్ష పెట్టి ఉండరు.

ప్రోటీన్ అంటుకోవడానికీ వైరస్ అంటుకోవడానికీ తేడా ఏమైనా ఉందా?

ఉంది, చాలా పెద్ద తేడా ఉంది. వైరస్ అంటుకోవాలంటే ముందు ప్లాస్టిక్ దగ్గరికి చేరుకోవాలి. నిలకడగా ఉన్న ద్రవంలో అది తనంతట తాను అటూ ఇటూ కదులుతూ చేరాల్సిందే. కణం ఎంత పెద్దదైతే ఆ కదలిక అంత నెమ్మదిస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఒక యాంటీబాడీ విసరణ గుణకం (ద్రవంలో తనంతట తాను పాకే వేగానికి కొలత) సెకనుకు సుమారు 45 చదరపు మైక్రోమీటర్లు. ఇన్‌ఫ్లుయెంజా లేదా కరోనా వైరస్ లాంటి 100 నానోమీటర్ల కణానికి అది 5కు దగ్గర్లో ఉంటుంది. అంటే తొమ్మిదో వంతు.

ఇప్పుడు 96 వెల్స్ ప్లేటులో 100 మైక్రోలీటర్లు పోశామనుకోండి. ద్రవం లోతు సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. 16 గంటలు 4 డిగ్రీల దగ్గర ఉంచితే అలాంటి వైరస్ సగటున కదిలే దూరం అర మిల్లీమీటరు చుట్టుపక్కల. పైభాగంలో ఉన్న వైరస్‌కు అడుగుభాగం అందనే అందదు. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు ఉష్ణోగ్రత తేడాల వల్ల ద్రవంలో పుట్టే చిన్న ప్రవాహాలు, పక్క గోడలు కొంత సాయం చేస్తాయి గానీ, పోసినదంతా అంటుకుంటుందని అనుకోవడం తప్పు.

‘37 డిగ్రీల దగ్గర 2 గంటలు, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా’ అని ప్రోటోకాళ్ళలో ఈ రెంటినీ సమానంగా రాస్తుంటారు. యాంటీబాడీ లాంటి చిన్న అణువులకు అది చాలావరకు చెల్లుతుంది. వైరస్‌కు లెక్క వేసి చూడండి. 37 డిగ్రీల దగ్గర నీరు పలుచబడి కదలిక పెరిగినా, 2 గంటల్లో అది వెళ్ళే దూరం 0.3 మిల్లీమీటర్లే. రాత్రంతా చల్లగా ఉంచితే దాదాపు రెట్టింపు దూరం వెళ్తుంది. పైగా చల్లదనంలో వైరస్ ప్రోటీన్లు పాడవడం కూడా తక్కువ. వైరస్ కోటింగ్‌కు నేనైతే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టడానికే మొగ్గు చూపుతాను.

తొందరగా కావాలంటే ప్లేటును షేకర్ మీద మెల్లగా తిప్పండి. లేదా అంతే వైరస్‌ను 100కు బదులు 50 మైక్రోలీటర్లలో పోయండి. లోతు సగమవుతుంది, వైరస్ చిక్కదనం రెట్టింపవుతుంది. ఖర్చు లేని ఈ చిన్న మార్పును ఎందుకో ఎక్కువమంది ప్రయత్నించరు.

ఒక వెల్‌లో ఎన్ని వైరస్ కణాలు పడతాయి?

100 మైక్రోలీటర్ల ద్రవం తాకే ప్లాస్టిక్ విస్తీర్ణం, గోడలతో కలిపి, ఒక చదరపు సెంటీమీటరుకు కాస్త తక్కువ. 100 నానోమీటర్ల గుండ్రటి కణాలు దొరికిన చోట యాదృచ్ఛికంగా కూర్చుంటూ పోతే, మధ్యమధ్య ఇంకో కణం పట్టని ఖాళీలు మిగిలిపోయి, విస్తీర్ణంలో 55 శాతం దగ్గర ఆగిపోతాయి. ఆ లెక్కన ఒక వెల్‌లో 600 కోట్లకు పైగా కణాలు పడతాయి.

దీన్ని మీ దగ్గరున్న వైరస్‌తో పోల్చండి. మిల్లీలీటరుకు 10 లక్షల ప్లాక్ యూనిట్లున్న (సెల్స్ పొరలో ఒక్కో మచ్చను, అంటే ప్లాక్‌ను, పుట్టించే మోతాదు ఒక యూనిట్) కల్చర్ ద్రవం 100 మైక్రోలీటర్లు పోస్తే అందులో ఉండేది లక్ష యూనిట్లు. ఒక్కో యూనిట్‌కు మొత్తం 100 కణాలున్నాయనుకున్నా కోటి కణాలు. ప్రతి ఒక్కటీ అంటుకున్నా వెల్ సామర్థ్యంలో ఆరు వందో వంతు కూడా నిండదు. సెల్స్ మీద ప్లాక్‌లు బ్రహ్మాండంగా వస్తున్న వైరస్ ఎలీసాలో రంగే ఇవ్వడం లేదని చాలామంది కంగారుపడతారు. వైరస్‌లో లోపమేమీ ఉండదు. కల్చర్‌లో ఒక్క కణం చాలు, అది పెరిగి ప్లాక్ అవుతుంది. ప్లేటు మీద ఏదీ పెరగదు. వైరస్‌ను గాఢం చేయక తప్పదు.

కోటింగ్ బఫర్ పీహెచ్ 9.6 ఉండి తీరాలా?

అలా ఏమీ లేదు. లీటరుకు 1.59 గ్రాముల సోడియం కార్బొనేట్, 2.93 గ్రాముల సోడియం బైకార్బొనేట్ కలిపిన 0.05 మోలార్ బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) అలవాటుగా స్థిరపడిపోయింది. చాలా ప్రోటీన్లకు అది బాగానే పనిచేస్తుంది. ప్రతి వైరస్‌కూ అదే మంచిదనడానికి మాత్రం ఆధారం లేదు.

చాలా వైరస్‌ల ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 3.5 నుంచి 7 మధ్య ఉంటుంది. కాబట్టి 9.6 దగ్గర అవి బలమైన రుణావేశంతో ఉంటాయి. హై బైండింగ్ ప్లేటు మీదున్న కార్బాక్సిల్ గుంపులదీ రుణావేశమే. రెండూ వికర్షించుకుంటాయి. అయినా అంటుకోవడం ఎలా జరుగుతోందంటే, నీటిని దూరంగా ఉంచే ఆకర్షణ ఆ వికర్షణను దాటిపోతుంది. వికర్షణను తగ్గించాలంటే బఫర్‌లో ఉప్పు ఉండాలి. ఉప్పు అయాన్లు ఆవేశాలను కప్పేస్తాయి. మామూలు పీబీఎస్ (ఉప్పు కలిపిన ఫాస్ఫేట్ బఫర్), పీహెచ్ 7.4, కొన్ని వైరస్‌లకు కార్బొనేట్ కంటే మెరుగ్గా పనిచేయడానికి ఇదొక కారణం. పీహెచ్‌ను ఐసోఎలక్ట్రిక్ పాయింట్ దాకా దించితే ఇంకా బాగా అంటుకుంటుందని కొందరంటారు. అక్కడ వైరస్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కడతాయి, వెల్‌కూ వెల్‌కూ పొంతన ఉండదు.

అంతకంటే ముఖ్యమైనది వైరస్ తట్టుకోగలదా అన్నది. గాలికుంటు వ్యాధి వైరస్ పీహెచ్ 6.5 కంటే దిగితే ముక్కలైపోతుంది. ఇన్‌ఫ్లుయెంజా పైనుండే హీమాగ్లుటినిన్ ప్రోటీన్ పీహెచ్ 5 చుట్టుపక్కల మళ్ళీ వెనక్కి రాని విధంగా ఆకారం మార్చేసుకుంటుంది. కొన్ని మొక్కల వైరస్‌లు క్షార ద్రావణాల్లో విడిపోతాయి. పీబీఎస్, కార్బొనేట్ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కార్బొనేట్ బఫర్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని పీహెచ్ దిగిపోతుంది కాబట్టి నెలల తరబడి ఉంచిన సీసాను నమ్మవద్దు.

కొవ్వు పొర ఉన్న వైరస్‌లు, లేని వైరస్‌లు ఒకేలా అంటుకుంటాయా?

పోలియో, అడినో, రోటా వంటి పొర లేని వైరస్‌లకు ప్రోటీన్ డొప్పే పై భాగం. అది గట్టిగా, సమరూపంగా ఉంటుంది. ఇన్‌ఫ్లుయెంజా, హెచ్‌ఐవీ, కరోనా వంటి వాటికి తాము పెరిగిన సెల్ నుంచి తెచ్చుకున్న కొవ్వు పొర, దాని మీద పొడుచుకొచ్చిన స్పైక్ ప్రోటీన్లు ఉంటాయి. ఇవి మెత్తటివి. ప్లాస్టిక్ మీద కాస్త అణిగి ఎక్కువ చోట్ల ఆనుకోగలవు, కొన్నిసార్లు చిట్లిపోతాయి కూడా. చిట్లితే లోపలి న్యూక్లియో ప్రోటీన్ బయటపడి అదీ అంటుకుంటుంది. రోగి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) న్యూక్లియో ప్రోటీన్ యాంటీబాడీలు ఎక్కువగా ఉంటే మీకు వచ్చే రంగులో వాటి వాటా ఎంతో, స్పైక్ యాంటీబాడీల వాటా ఎంతో విడదీయలేరు.

ట్రైటాన్ ఎక్స్-100 వంటి డిటర్జెంట్‌తో వైరస్‌ను చీల్చి కోటింగ్ చేసే పద్ధతి కూడా ఉంది. అయితే డిటర్జెంట్ తానే ప్లాస్టిక్‌ను ఆక్రమిస్తుంది. చీల్చిన తర్వాత బాగా పలుచన చేయాలి, లేకపోతే వెల్‌లో డిటర్జెంట్ తప్ప ఏమీ మిగలదు.

అంటుకున్నాక వైరస్ ఆకారం మారుతుందా?

మారవచ్చు. ఈ పేజీలో ఏదైనా ఒక్క జవాబు చదివే తీరిక ఉంటే ఇదే చదవమంటాను, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పు కంటికి కనిపించదు. రంగు వస్తుంది, గ్రాఫ్ అందంగా ఉంటుంది, అర్థం మాత్రం మారిపోయి ఉంటుంది.

పోలియో వైరస్‌ను తీసుకోండి. చెక్కుచెదరని కణాన్ని డి యాంటిజెన్ అంటారు. వేడి చేస్తే లోపలి వీపీ4 ప్రోటీన్ పోయి సి యాంటిజెన్‌గా మారుతుంది. టీకాలో రక్షణ ఇచ్చేది డి రూపం. సి రూపం రక్షించే యాంటీబాడీలను సరిగ్గా పుట్టించదు. ఇంజెక్షన్‌గా ఇచ్చే పోలియో టీకా బలాన్ని డి యాంటిజెన్ యూనిట్లలోనే లెక్కిస్తారు. ఇదే వైరస్‌ను నేరుగా పాలీస్టైరీన్ మీద అంటిస్తే డి రూపం సి రూపంలోకి మారిపోగలదు. వేడి చేయలేదు, రసాయనం కలపలేదు, కేవలం ప్లాస్టిక్ తాకిడితో! అందుకే ఈ టీకా పరీక్షల్లో ముందు యాంటీబాడీని ప్లేటుకు అంటించి, దానితో వైరస్‌ను పట్టిస్తారు.

గాలికుంటు వ్యాధి వైరస్‌దీ ఇదే కథ. పూర్తి కణాన్ని 146ఎస్ అంటారు. అది విడిపోతే 12ఎస్ ముక్కలు వస్తాయి. పశువుకు రక్షణ ఇచ్చేది ముఖ్యంగా 146ఎస్. దాన్ని నేరుగా ప్లాస్టిక్ మీద పెట్టి కొలిస్తే ఆ రెంటి మధ్య తేడా చెరిగిపోయే ప్రమాదం ఉంది.

ఎందుకిలా జరుగుతుంది? ప్రోటీన్ తన లోపల దాచుకున్న, నీరంటే పడని భాగాలకు ప్లాస్టిక్ మీద హాయిగా ఆనుకునే చోటు దొరుకుతుంది. దాంతో మడతలు విప్పుకుని పరుచుకుంటుంది. ఎంత ఎక్కువసేపు ఉంటే, పక్కన ఎంత ఖాళీ ఉంటే అంత పరుచుకుంటుంది. వెల్‌లో వైరస్ పలుచగా ఉన్నప్పుడు ఆకారం మార్పు ఎక్కువగా ఉండటం ఇందువల్లే. మామూలుగా లోపల దాగి ఉండే చోట్లు బయటపడతాయి, బయట ఉన్నవి చెదిరిపోతాయి. అమైనో ఆమ్లాల వరస క్రమాన్ని గుర్తించే యాంటీబాడీలకు పండగ. మడత ఆకారాన్ని గుర్తించే యాంటీబాడీలకు, అంటే వైరస్‌ను నిర్వీర్యం చేసే వాటిలో చాలావాటికి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఒక మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే చోటును గుర్తించే ఒకే రకం యాంటీబాడీ) ఎలీసాలో బాగా పట్టుకుని న్యూట్రలైజేషన్‌లో (వైరస్‌ను నిర్వీర్యం చేసే పరీక్షలో) విఫలమైతే, లేదా అందుకు విరుద్ధంగా జరిగితే, ముందు అనుమానించాల్సింది ప్లాస్టిక్‌ను. శ్వాసకోశ వ్యాధి కలిగించే ఆర్‌ఎస్‌వీ వైరస్ ఎఫ్ ప్రోటీన్ లాంటి, తేలిగ్గా ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి జారిపోయే వాటి విషయంలో నేరుగా అంటించడం మానుకోండి.

అయితే ఎప్పుడూ యాంటీబాడీతో పట్టించడమే మంచిదా?

ఆకారం ముఖ్యమైన చోట అవును. శుద్ధి చేయని నమూనాలోంచి వైరస్‌ను ఏరుకోవాలన్నా అదే దారి. దానికీ ఒక ధర ఉంది. పట్టే యాంటీబాడీ కూడా ప్లాస్టిక్ మీద అంటుకునేటప్పుడు వంకరగా పడి, పరుచుకుని, చాలావరకు పనికిరాకుండా పోతుంది. మోనోక్లోనల్‌లో ఈ నష్టం మరీ ఎక్కువ. పైగా పట్టేది కుందేలు యాంటీబాడీ అయితే, చివర్లో చూపించే ఎంజైమ్ యాంటీబాడీ కుందేలు ఐజీజీని గుర్తించకూడదు.

మధ్యే మార్గాలున్నాయి. వైరస్ మీద చక్కెర గొలుసులుంటే కాంకనావలిన్-ఎ వంటి లెక్టిన్‌ను (చక్కెర గొలుసులను పట్టుకునే ప్రోటీన్‌ను) ముందుగా అంటించి దానితో పట్టించవచ్చు. ధనావేశమున్న పాలీ-ఎల్-లైసిన్ పూత పూస్తే రుణావేశపు వైరస్ దాని మీదికి వస్తుంది, అయితే నమూనాలోని మిగతా రుణావేశపు ప్రోటీన్లూ వస్తాయి. స్ట్రెప్టావిడిన్ ప్లేటు, దాన్ని గట్టిగా పట్టుకునే బయోటిన్ తగిలించిన యాంటీబాడీ జోడీ ఖరీదైనా నమ్మకమైనది. రోగి సీరంలో ఆ వైరస్ యాంటీబాడీలు ఉన్నాయా లేవా అని స్థూలంగా చూసే సర్వేకు మాత్రం శుద్ధి చేసిన వైరస్‌ను నేరుగా అంటిస్తే సరిపోతుంది.

కల్చర్ ద్రవాన్ని శుద్ధి చేయకుండా నేరుగా కోటింగ్‌కు వాడొచ్చా?

వాడితే ప్లేటు మీద పేరుకునేది ఎక్కువగా ఆల్బుమిన్. సెల్స్‌ను పెంచే, 10 శాతం సీరం కలిపిన మీడియంలో మిల్లీలీటరుకు కొన్ని మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. వైరస్ ప్రోటీన్ దానికి వేల వంతు తక్కువ. ఆల్బుమిన్ చిన్నది, సంఖ్యలో ఎక్కువ, వేగంగా కదులుతుంది. వైరస్ వచ్చేసరికి చోటు అయిపోతుంది. ముందు చేరిన చిన్న ప్రోటీన్లను తర్వాత వచ్చిన పెద్దవి కొంతమేర తోసేస్తాయన్నది నిజమే గానీ, ఇంత తేడా ఉన్నప్పుడు దాని మీద ఆధారపడలేం.

సీరం లేని మీడియంలో వైరస్‌ను పెంచడం, సుక్రోజ్ మీద అల్ట్రాసెంట్రిఫ్యూజ్ చేయడం మంచి మార్గాలు. శుద్ధి చేసినా సెల్స్ ప్రోటీన్లు, సీరం అవశేషాలు కొంత ఉంటాయి. కొందరి సీరంలో ఆవు ఆల్బుమిన్‌కు యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి, వారంతా తప్పుడు పాజిటివ్‌లుగా కనిపిస్తారు. అందుకే వైరస్ సోకని సెల్స్‌ను అచ్చం అదే పద్ధతిలో శుద్ధి చేసి, ఆ ద్రవంతో కొన్ని వెల్స్ తప్పకుండా కోట్ చేయాలి. ఈ కంట్రోల్ లేని వైరస్ ఎలీసా ఫలితాన్ని నేను నమ్మను.

బ్లాకింగ్ ఎందుకు? వైరస్ అప్పటికే అంటుకుంది కదా?

పైన లెక్క చూశారుగా, ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం ఇంకా ఖాళీయే. ఆ ఖాళీని బీఎస్ఏ (ఆవు ఆల్బుమిన్), కేసిన్ (పాల ప్రోటీన్), వెన్న తీసిన పాలపొడి వంటి వాటితో నింపకపోతే తర్వాత పోసే యాంటీబాడీలు వెళ్ళి అక్కడ కూర్చుంటాయి. వైరస్ కోటింగ్ పలుచగా ఉంటే బ్లాకింగ్ అంత ముఖ్యం. పాలపొడిలో బయోటిన్ ఉంటుంది, స్ట్రెప్టావిడిన్ వాడే పరీక్షల్లో దాన్ని వాడకండి.

బ్లాక్ చేసినా ఖాళీ వెల్‌లో కూడా రంగు వస్తోంది. ఏం చేయాలి?

ముందు రంగు ఏ మెట్టు నుంచి వస్తోందో పట్టుకోవాలి. ఒక వెల్‌లో మొదటి యాంటీబాడీ వదిలేయండి, ఇంకోదాంట్లో ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ వదిలేయండి, మరోదాంట్లో వైరస్ వదిలేయండి. మొదటి యాంటీబాడీ లేకున్నా రంగు వస్తే కారణం ఎంజైమ్ యాంటీబాడీ, అది తీసేస్తే రంగు పోతే కారణం మొదటి యాంటీబాడీ. ఎంజైమ్ యాంటీబాడీ లేకున్నా వస్తే రంగునిచ్చే ద్రావణాన్నే అనుమానించాలి. చాలాసార్లు ఎంజైమ్ యాంటీబాడీ మరీ గాఢంగా ఉండటమే సమస్య అవుతుంది. సీరాన్ని పలుచన చేసే ద్రావణంలో 0.05 శాతం ట్వీన్-20 (ఒక మృదువైన డిటర్జెంట్), కాస్త బ్లాకింగ్ ప్రోటీన్ కలిపితే చాలావరకు తగ్గుతుంది. బ్లాకింగ్ ప్రోటీన్ రకం మార్చి చూడటం కూడా మంచిదే.

కడిగేటప్పుడు వైరస్ ఊడిపోతుందా?

కొంత ఊడుతుంది, ముఖ్యంగా మొదటి కడుగుడులో. వదులుగా ఆనుకున్నవి, ఇంకో వైరస్ మీద ఎక్కి కూర్చున్నవి పోతాయి. అవి పోవడమే మంచిది, లేకపోతే పరీక్ష మధ్యలో ఊడి యాంటీబాడీని తమతో పట్టుకుపోతాయి. గట్టిగా అంటుకున్న వాటిని 0.05 శాతం ట్వీన్ పెద్దగా కదిలించలేదు. అదే ట్వీన్ కోటింగ్ బఫర్‌లో పొరపాటున పడితే మాత్రం వైరస్ అసలు అంటుకోదు.

అసలు ఎంత వైరస్ అంటుకుందో కొలిచే దారి ఉందా?

అందరికీ అందుబాటులో ఉన్నది చెకర్‌బోర్డ్ టైట్రేషన్. వరుసల్లో వైరస్‌ను, నిలువు వరుసల్లో యాంటీబాడీని అంచెలంచెలుగా పలుచన చేస్తూ పోవాలి. వైరస్ పెంచినా రంగు పెరగని స్థాయి కనిపిస్తే అక్కడ కోటింగ్ సరిపోయిందని అర్థం. ఇది అంటుకున్న పరిమాణం చెప్పదు, యాంటీబాడీకి దొరుకుతున్న పరిమాణం చెబుతుంది. పరీక్షకు మనకు కావాల్సింది అదే.

పరిమాణమే కావాలంటే కోటింగ్‌కు ముందు, తర్వాత ద్రవంలో జన్యు పదార్థాన్ని క్యూపీసీఆర్‌తో (జన్యు పదార్థాన్ని పెంచుతూ లెక్కించే పద్ధతితో) కొలిచి తేడా చూడవచ్చు. ముందుగా న్యూక్లియేజ్‌తో (జన్యు పదార్థాన్ని తునకలు చేసే ఎంజైమ్‌తో) బయట తేలుతున్న ఆర్‌ఎన్‌ఏ, డీఎన్‌ఏలను తొలగించకపోతే లెక్క తప్పుతుంది. మిగిలిన ద్రవంలో తగ్గిన ప్రతి కణమూ ప్లేటు మీదే ఉందని కూడా అనుకోవద్దు, పిపెట్ టిప్, పలుచన చేసిన ట్యూబు కూడా ప్లాస్టిక్కే.

ట్యూబులో పలుచన చేసి పెట్టిన వైరస్ టైటర్ (బతికున్న వైరస్ మోతాదు) తగ్గిపోతోంది. దీనికీ ఇదే కారణమా?

కారణాల్లో ఇదొకటి. ప్లేటు మీద మనకు పనికొచ్చే అధిశోషణమే ట్యూబులో నష్టం. గాఢమైన స్టాక్‌లో ఈ నష్టం కనిపించదు, బాగా పలుచన చేసినప్పుడు బయటపడుతుంది. తక్కువగా అంటుకునే పాలీప్రొపిలీన్ ట్యూబులు వాడండి, పలుచన ద్రావణంలో కాస్త బీఎస్ఏ లేదా జెలటిన్ కలపండి. అయితే అలా కలిపిన వైరస్‌ను తర్వాత కోటింగ్‌కు వాడలేరు.

అంచుల్లోని వెల్స్‌లో రీడింగ్ వేరుగా వస్తోంది.

అంచులు త్వరగా వేడెక్కుతాయి, త్వరగా ఆవిరవుతాయి. ప్లేటుకు సీలర్ అంటించండి, ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ద్రావణాలన్నీ గది ఉష్ణోగ్రతకు వచ్చాక పోయండి. అప్పటికీ తగ్గకపోతే అంచు వెల్స్‌లో బఫర్ పోసి వదిలేయండి.

ఇనాక్టివేట్ చేసిన (సోకే శక్తి తీసేసిన) వైరస్ కూడా అలాగే అంటుకుంటుందా?

అంటుకుంటుంది, అయితే అది అదే వైరస్ అనుకోకూడదు. ఫార్మలిన్ ప్రధానంగా లైసిన్ అమైనో ఆమ్లాలను పట్టుకుని ప్రోటీన్లను ఒకదానికొకటి కుట్టేస్తుంది. దానితో పైనున్న ఆవేశం మారుతుంది, యాంటీబాడీ పట్టుకునే కొన్ని చోట్లు (ఎపిటోప్‌లు) మూసుకుపోతాయి. మరోపక్క కణం బిగుసుకుపోవడం వల్ల ప్లాస్టిక్ మీద పరుచుకోవడం తగ్గవచ్చు. బీటా-ప్రోపియోలాక్టోన్ ఎక్కువగా జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తుంది గానీ ప్రోటీన్లను పూర్తిగా వదలదు. వేడి చేస్తే మడతలు విప్పుకుంటాయి. ఏ పద్ధతి వాడినా, బతికున్న వైరస్‌తో ఒకసారి పోల్చి చూసుకోవాలి. అందుకు తగిన భద్రత ఉన్న ల్యాబ్‌లోనే ఆ పని చేయాలి.

ప్లాస్టిక్‌కు అంటుకుంటే వైరస్ చచ్చిపోతుందా?

అలా ఎప్పుడూ అనుకోకండి. కొన్ని దెబ్బతింటాయి, కొన్ని పూర్తి శక్తితో ఉంటాయి. ట్వీన్‌తో కడగడం ఇనాక్టివేషన్ కాదు. అంటుకోకుండా మిగిలిన కోటింగ్ ద్రవంలో బతికున్న వైరస్ ఎక్కువ భాగం ఉంటుంది, దాన్ని సింక్‌లోకి విదిలించడం ప్రమాదం. ప్లేటును బల్ల మీద కొట్టి ఆరబెట్టే అలవాటు తుంపర్లు లేపుతుంది. ఇనాక్టివేట్ అయిందని సెల్స్ మీద పరీక్షించి రుజువు చేసుకున్న వైరస్ తప్ప మరేదైనా, ఆ వైరస్‌కు నిర్దేశించిన బయోసేఫ్టీ స్థాయిలో, క్యాబినెట్ లోపలే తెరవాలి.

ఇంకో జాగ్రత్త ఉంది. చివర్లో స్టాప్ ద్రావణంగా సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తాం. ఆ ప్లేటు మీద బ్లీచ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. కడిగిన ద్రవాల పాత్రకు బ్లీచ్, యాసిడ్ పోసిన ప్లేట్లకు వేరే పారవేత పద్ధతి, ఈ రెండూ కలవకుండా చూసుకోవాలి.

కోట్ చేసిన ప్లేట్లను ఎంతకాలం దాచుకోవచ్చు?

వైరస్‌ను బట్టి ఉంటుంది. బ్లాక్ చేశాక పలుచటి సుక్రోజ్ లేదా ట్రెహలోజ్ ద్రావణం పోసి, తీసేసి, బాగా ఆరనిచ్చి, తేమ పీల్చే పొట్లంతో కలిపి గాలి చొరకుండా సీల్ చేసి 4 డిగ్రీల దగ్గర ఉంచితే నిలుస్తాయి. ఆరేటప్పుడు నీటి స్థానాన్ని ఆ చక్కెరలు తీసుకుని ప్రోటీన్ మడతలను కాపాడతాయి. బూజు పట్టకుండా సోడియం అజైడ్ కలిపే అలవాటుంటే, అది ఎలీసాలో రంగు తెప్పించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందని గుర్తుంచుకోండి, పరీక్షకు ముందు బాగా కడగాలి. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని ప్లేట్లు పక్కన పెట్టి, ఒకే పాజిటివ్ సీరంతో అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఉంటే, రీడింగ్ దిగడం మొదలైన రోజు మీకే తెలుస్తుంది.